పూతరేకులా, కొండపల్లి బొమ్మా, కలంకారీ గుడ్డా? ప్రయాణం నుంచి ఏమి తెచ్చుకోవాలి

తిరుపతి బస్టాండు ముందు, విజయవాడ రైల్వే స్టేషన్ బయట, విశాఖ బీచ్ రోడ్డులో బల్లల మీద పరిచిన సరుకు దాదాపు ఒకటే. తాళంచెవుల గొలుసులు, ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతాలు, గవ్వలు అతికించిన అద్దాలు, ప్లాస్టిక్ గోపురాలు. వాటి మీద అచ్చువేసిన ఊరి పేరు చెరిపేస్తే ఎక్కడ కొన్నామో కొన్నవాళ్ళకే గుర్తుండదు.

వెళ్ళిన ఊరికి గుర్తుగా ఏదో ఒకటి తెచ్చుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు. చిక్కంతా మనం ప్రశ్నలు అడిగే వరసలో ఉంది. ఏమి కొనాలని ముందు అడుగుతాం, ఎంతసేపు ఉంటామన్నది ఆ తరువాత చూసుకుంటాం. ఈ వరస తిప్పేయాలని నా వాదన. ఆ ఊళ్ళో మీకు గంట ఉందా, పూట ఉందా, ఒక రాత్రి ఉందా అన్నది తేలితే కొనవలసిన వస్తువు సగం తేలినట్టే. లడ్డూ కట్టేటప్పుడు దగ్గరుండి చూడనక్కరలేదు, నోట్లో వేసుకుంటే చాలు. కలంకారీ గుడ్డ అలా కాదు. దాని మీద గీత ఎలా పడిందో, ఆ నలుపు ఎక్కడి నుంచి వచ్చిందో చూసినవాళ్ళకు, దుకాణంలో మడత విప్పించుకుని కొన్నవాళ్ళకు ఒకే గుడ్డ రెండు వేరు వేరు వస్తువులు. నింపాదిగా తిరగడంలోని సుఖం నాకు ఇక్కడే కనిపిస్తుంది. చూసే చోట్లు తగ్గించుకుంటే తెచ్చుకునే వస్తువుల సంఖ్య కూడా తగ్గుతుంది, కానీ ఆ కొద్దిపాటి వస్తువుల గురించి చెప్పడానికి మన దగ్గర మాటలుంటాయి.

తెలుగు రాష్ట్రాల్లో చేతిపనుల ఊళ్ళకు కొదవ లేదు కాబట్టి ఉదాహరణలన్నీ ఇక్కడివే తీసుకుంటున్నాను.

గంట మాత్రమే ఉంటే తినేది కొనండి

పెళ్ళికి వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోయేవాళ్ళు, దర్శనం అయిపోగానే రైలు అందుకోవలసినవాళ్ళు చేతిపనుల జోలికి పోకపోవడమే మేలు. హడావిడిలో కొన్న బొమ్మ ఏడాది తిరక్కుండానే అటకెక్కుతుంది. తినుబండారం పదిమందికి పంచితే అయిపోతుంది, ఎవరి ఇంట్లోనూ చోటు ఆక్రమించదు. బందరు లడ్డూకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతానికే చెందిన సరుకని చెప్పే భౌగోళిక సూచిక, వచ్చింది. ఈ రెండింటి మధ్య ఎంచుకోవాలంటే ప్రయాణం ఎలా సాగుతుందో చూసుకోండి. పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చోగలిగితే పూతరేకులు. సంచి అడుగున పడేసి మరిచిపోయే రకమైతే బందరు లడ్డూ, లేదా కాకినాడ కాజా. పూతరేకులు అడుగున పడితే ఇంటికి చేరేది తియ్యటి పొడి.

గోదావరి లంకల వైపు వెళ్ళేవాళ్ళు ఆ గంటను ఇంకాస్త సాగదీసి ఆత్రేయపురంలో రేకు తీయడం చూడవచ్చు. బోర్లించిన కుండ కింద మంట, పక్కన పలచటి బియ్యప్పిండి జావ. గుడ్డను అందులో ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే క్షణంలో రేకు ఆరిపోతుంది, దాన్ని అలాగే ఒలిచి తీస్తారు. ఊళ్ళో ఎక్కువగా ఆడవాళ్ళు చేసే పని ఇది. ఇదంతా చూశాక కాస్త విరిగిన రేకుల పొట్లం ఇచ్చినా పేచీ పెట్టబుద్ధి కాదు.

చార్మినార్ దగ్గర మాత్రం గంటలోనే మంచి చేతిపని దొరుకుతుంది. లాడ్ బజార్ లక్క గాజులు ఆ చుట్టుపక్కల తయారయ్యేవే. రాళ్ళు అద్దడం కళ్ళ ముందే చూడవచ్చు.

ఒక పూట ఉంటే: కొండపల్లా, ఏటికొప్పాకా?

రెండూ కొయ్యబొమ్మలే. దుకాణాల్లో పక్కపక్కనే పెట్టి అమ్ముతారు. దాంతో ఒకటి కొనబోయి ఇంకొకటి కొనేవాళ్ళు చాలామంది. నిజానికి కర్ర దగ్గరే వీటి దారులు వేరయ్యాయి.

కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి కర్ర వాడతారు. బాగా తేలికైన, మెత్తని కర్ర. తేమంతా పోయేదాకా ఆరబెట్టి ఒళ్ళు, చేతులు, తలపాగా వేటికవి చెక్కుతారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి చేసిన ముద్దతో ఆ ముక్కలను అతికిస్తారు. దానిని మక్కు అంటారు. పైన సుద్ద పూత వేసి, సన్నని కుంచెలతో రంగులు దిద్దుతారు. ముక్కలు అతికించే పద్ధతి కాబట్టే కొండపల్లి కళాకారులు దృశ్యాలకు దృశ్యాలే కట్టగలిగారు. తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, దశావతారాలు, ఇంటిపని చేసుకునే ఆడవాళ్ళు. ఒక్కో బొమ్మలో ఒక కథ నడుస్తూ ఉంటుంది.

ఏటికొప్పాకలో కుంచెతో పెద్దగా పనిలేదు. అంకుడు కర్రను లేత్ యంత్రానికి బిగించి తిప్పుతూ ఉలితో గుండ్రంగా తీస్తారు. తిరుగుతున్న ఆ కర్రకే రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడికి పుట్టిన వేడిలో లక్క కరిగి కర్రను పట్టేస్తుంది. చివర ఎండిన మొగలి ఆకుతో రుద్దితే నిగనిగ మెరుపు వస్తుంది. తిరిగే యంత్రం మీద పుట్టిన పని కాబట్టి ఆకారాలు చాలావరకు గుండ్రనివే. బొంగరాలు, గిలక్కాయలు, కుంకుమ భరిణెలు, మన చిన్నప్పటి లక్కపిడతలు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల నుంచి రంగులు తీస్తారు. రసాయన రంగుల వైపు జారిపోయిన ఈ పనిని తిరిగి ప్రకృతి రంగుల దారి పట్టించినవారిలో ఆ ఊరి సి.వి. రాజు ముఖ్యులు. 2023లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీ వీధుల్లో నడిచిన ఆంధ్రప్రదేశ్ శకటం కూడా ఈ బొమ్మలదే.

ఎంపిక ఇప్పుడు తేలికే. దొరికినదల్లా నోట్లో పెట్టుకునే పసిపిల్లలున్న ఇంటికి ఏటికొప్పాక తీసుకెళ్ళండి. కొనేటప్పుడు సహజ రంగులేనా అని మాత్రం అడగండి, అన్ని దుకాణాల్లోనూ అన్నీ అవే ఉంటాయన్న భరోసా లేదు. సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టే ఇంటికైతే కొండపల్లి. అది అలంకరించడానికి పుట్టిన బొమ్మ, ఆడుకోవడానికి అంతగా పనికిరాదు. అంబారీ ఏనుగు కాలో, గీత కార్మికుడి మోకో ఊడిపోవడానికి పిల్లలకు ఒక మధ్యాహ్నం చాలు. తడిగుడ్డతో తుడవకూడదని కూడా కొలువు పెట్టేవాళ్ళకు చెప్పనక్కరలేదు, వాళ్ళకు తెలుసు.

వెళ్ళి చూడడానికి మాత్రం నా ఓటు కొండపల్లికే. విజయవాడ నుంచి సుమారు 20 కిలోమీటర్లు. పొద్దున్నే రెడ్డిరాజుల నాటి కోట ఎక్కి దిగి, కింద బొమ్మలు చేసే వీధిలో మధ్యాహ్నం దాకా గడపవచ్చు. ఇంట్లో ఒకరు చెక్కుతుంటే ఇంకొకరు రంగులు వేస్తూ కనిపిస్తారు. పొణికి కర్ర దొరకడమే కష్టమైపోయిందన్న మాట అక్కడ తప్పకుండా వినబడుతుంది. ధర ఎక్కువనిపించినప్పుడు ఆ మాట గుర్తు చేసుకోవాలి. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకకు విశాఖ నుంచి తుని వైపు వెళ్ళే జాతీయ రహదారిని ఎలమంచిలి ప్రాంతంలో వదిలి లోపలికి వెళ్ళాలి. దారిలో వేరే ఆకర్షణలు పెద్దగా లేవు, బొమ్మల కోసమే వెళ్ళాలి.

పగలంతా ఉంటే పోచంపల్లి

హైదరాబాద్ నుంచి పొద్దున బయలుదేరి రాత్రికి తిరిగి రాగల ఊరు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు దానమిచ్చి భూదానోద్యమానికి నాంది పలికింది ఇక్కడే. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో దీనికి చోటిచ్చింది. అయినా హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ళుగా ఉంటూ ఒక్కసారైనా ఈ ఊరు చూడనివాళ్ళకు లోటు లేదు.

ఇక్కడ చూడవలసినది మగ్గం కంటే ముందు జరిగే పని. నూలును లెక్క ప్రకారం చిటికి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు పట్టదు. ఒక కట్టు విప్పి, మరో చోట కట్టి, మరో రంగులో ముంచుతారు. నేయకముందే చీర బొమ్మంతా నూలులో దాక్కుని ఉంటుంది. మగ్గం మీద పోగు పోగుకూ కుదిరితేనే అది బయటపడుతుంది. ఎంత నేర్పుగా నేసినా పోగు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. అసలును గుర్తుపట్టడానికి ఆ చెదురే ఆధారం. గుడ్డను వెనక్కి తిప్పి చూస్తే రెండు వైపులా రంగు ఒకే ముదురులో ఉండాలి. అచ్చువేసిన నకిలీ వెనకవైపు వెలవెలబోతుంది, బొమ్మ అంచులు గీత గీసినట్టు ఉంటాయి.

చిటికికి ముందు ఆసు పోసే పని, అంటే నూలును మేకుల చుట్టూ తిప్పే పని, ఉంటుంది. చేయి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి, భుజాలు పడిపోతాయి. తల్లి పడే ఆ బాధ చూడలేక ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఊళ్ళో ఆ యంత్రం ఎక్కడైనా నడుస్తుంటే కాసేపు నిలబడి చూడండి.

ఇక కొనడం. చీర కొనే తీరాలన్న పట్టుదలతో వెళితే పొద్దంతా దుకాణంలోనే గడిచిపోతుంది, మగ్గం చూసే వేళ మిగలదు. దిండు గలీబులు, దుప్పటి, కుర్తాకు సరిపడా గుడ్డ, ఇలాంటివి రోజూ కంటికి కనిపిస్తాయి, చేతికి తగులుతాయి. బీరువాలో మడతపెట్టిన పట్టుచీర కంటే మంచం మీద పరచిన దుప్పటి ఆ ఊరిని ఎక్కువసార్లు గుర్తు చేస్తుంది. పట్టుచీర అభిమానులు నాతో ఒప్పుకోరు, తెలుసు.

రాత్రి ఆగగలిగితే శ్రీకాళహస్తి. కుదరకపోతే పెడన

రాహుకేతు పూజకు తిరుపతి నుంచి ఉదయం వచ్చి మధ్యాహ్నానికి తిరిగి వెళ్ళిపోయేవాళ్ళే శ్రీకాళహస్తిలో ఎక్కువ. కలంతో గీసే కలంకారీ ఆ ఊళ్ళోనే ఇంకా బతికి ఉందని వాళ్ళలో చాలామందికి తెలియదు. తెలిసినా ఆగే వీలుండదు. ఒక్క రాత్రి బస చేస్తే మాత్రం మర్నాడు పొద్దుట చూడగలిగేది మామూలు విషయం కాదు.

నూలు గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెట్టి ఎండేస్తారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు చిత్తుగా గీసుకుంటారు. తరువాత వెదురు పుల్లకు ఉన్నిగానీ గుడ్డపేలికగానీ చుట్టి చేసిన కలంతో అసలు గీత పెడతారు. ఆ నలుపును కసిమి అంటారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెడితే వచ్చే ద్రవం అది. కలం నుంచి జారేటప్పుడు వెలిసినట్టుగా ఉంటుంది. గుడ్డలోని కరక్కాయ వగరు తగలగానే నల్లబడుతుంది. గీత కళ్ళ ముందే చిక్కబడడం చూస్తే ఎవరికైనా నోట మాట ఆగుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీరు పూస్తారు. రంగులో ఉడికించినప్పుడు పటిక ఉన్న మేరకే ఎరుపు పట్టుకుంటుంది. మధ్యలో పారే నీటిలో ఉతకడం, ఎండబెట్టడం, మళ్ళీ పాలు పట్టించడం. పసుపు, నీలం చివర్లో వస్తాయి. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ.

ఈ పనికి ఎండా కావాలి, నీళ్ళూ కావాలి. ముసురు పట్టిన నవంబరులో వెళితే గీసేవాళ్ళు కనిపిస్తారు గానీ ఉతికి ఆరేసే పని సాగదు. జనవరి, ఫిబ్రవరి మేలు.

పెడన కథ వేరు. మచిలీపట్నం పక్కనున్న ఈ ఊళ్ళో కలం లేదు, టేకు చెక్కతో చేసిన అచ్చులున్నాయి. బందరు రేవు నుంచి పర్షియాకు గుడ్డలు ఎగుమతి అయిన కాలపు లతలు, పూలు, జీవవృక్షం ఈ అచ్చుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. గీయడంతో పోలిస్తే అద్దడం త్వరగా అయ్యే పని. అందుకే పెడన గుడ్డ మీటర్ల లెక్కన దొరుకుతుంది, ధర అందుబాటులో ఉంటుంది. కాళహస్తిలో రామాయణ ఘట్టమంతా ఒక్క తెర మీద పరుచుకుంటుంది. దాని కొలతా ధరా రెండూ పెద్దవే.

ఏది తీసుకోవాలి? ఖాళీ గోడ ఉండి, ఆ గోడ మీద బొమ్మను రోజూ చూసే తీరిక ఉంటే కాళహస్తి. తొడుక్కోవడానికి, కుట్టించుకోవడానికి, పంచిపెట్టడానికి పెడన. రెండింటికీ నకిలీగా స్క్రీన్ ముద్రణ గుడ్డ బజారు నిండా ఉంది. పట్టుకోవడం కష్టమేమీ కాదు. చేతి గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం అవుతుంది. చెక్క అచ్చులో ఒక ముద్రకూ పక్క ముద్రకూ కలిసే చోట కాస్త తేడా ఉంటుంది. స్క్రీన్ ముద్రణలో అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా కుదురుతాయి. తప్పులు లేని కలంకారీని చూస్తే అనుమానించండి.

దారిలో తగిలే మరికొన్ని

వరంగల్ రహదారి మీద వెళ్ళేవాళ్ళకు జనగామ దగ్గర పెంబర్తి ఇత్తడి పని ఎదురుపడుతుంది. బరువు మోయగలిగితే ఆగండి. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాశీ చిత్రపటాలున్నాయి. పూర్వం కథకులు ఊరూరా విప్పి చూపిస్తూ కులపురాణాలు చెప్పిన పటాలవి. ఎర్రటి నేపథ్యం మీద వరుసలుగా కథ నడుస్తుంది. చిన్న ఇల్లైతే పటానికి బదులు చేర్యాల ముఖం బొమ్మ ఒకటి చాలు. ధర్మవరం పట్టుచీరల కోసం వెళ్ళినవాళ్ళు పక్కనే ఉన్న నిమ్మలకుంటకు వెళ్ళకుండా రావడం అన్యాయం. అక్కడ మేకతోలుతో తోలుబొమ్మలు చేస్తారు. 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావుది ఆ ఊరే. బొమ్మ మరీ పెద్దదనిపిస్తే తోలు దీపపు గొడుగు తీసుకోండి, వెనక దీపం వెలగందే ఆ రంగులు ఎలాగూ విప్పారవు. బొబ్బిలి చిన్న వీణ సభల్లో జ్ఞాపికగా ఇవ్వడానికి బాగుంటుంది. సంగీతం వచ్చినవాళ్ళకు మాత్రం అది ఇవ్వకండి, మోగని వీణతో వాళ్ళేమి చేసుకుంటారు?

ఎవరి దగ్గర కొనాలి

చేసినవారి ఇంటి గడపలోనే కొనాలని అందరూ చెబుతారు. నేను అంత కచ్చితంగా చెప్పను. ఆంధ్రప్రదేశ్‌లో లేపాక్షి, తెలంగాణలో గోల్కొండ పేరుతో ప్రభుత్వ హస్తకళల దుకాణాలున్నాయి. బయలుదేరే ముందు అక్కడ ఒక చుట్టు చుట్టి వస్తే ఏ పని ఎలా ఉంటుంది, ధరలు ఎంత మేరకు ఉంటాయన్నది కంటికి అలవాటవుతుంది. హైదరాబాద్‌లో ఉండేవాళ్ళకు శిల్పారామం కూడా అలాంటిదే. చేనేతలో హ్యాండ్లూమ్ మార్క్, పట్టులో సిల్క్ మార్క్ అనే అసలుదనపు ముద్రలు చూడడం మరిచిపోవద్దు.

ఇంటి దగ్గర కొనడంలో లాభం ధరలో కంటే మాటల్లో ఎక్కువ. మీకు కావలసిన కొలత చెప్పి చేయించుకోవచ్చు. కొంత ముందుగా ఇచ్చి, అయ్యాక కొరియర్‌లో తెప్పించుకోవచ్చు. అక్కడ రెండు గంటలు కూర్చుని, టీ తాగి, ఫోటోలన్నీ తీసుకుని, చివర సగం ధరకు అడిగేవాళ్ళున్నారు. ధర మించినదనిపిస్తే బేరమాడే బదులు చిన్న కొలతలో ఉందా అని అడగండి, తప్పకుండా ఉంటుంది. ఫోటో తీసే ముందు కూడా అడగాలి. కొత్త నమూనాలను వేరేవాళ్ళు చూసి దించేస్తారన్న భయం వాళ్ళకుంది.

సముద్రం దాటించేవాళ్ళకు

సెలవులకు వచ్చి తిరిగి అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్ళేవాళ్ళ లెక్క ఇంకోలా ఉంటుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో కర్రతో, తోలుతో చేసినవి, తినేవి దేశంలోకి అడుగుపెట్టేటప్పుడు ఇచ్చే ప్రకటన పత్రంలో చూపించాలి. దాచి పట్టుబడితే జరిమానా. కర్రకు పురుగు పట్టిన రంధ్రాలుంటే లోపలికి రానివ్వకపోవచ్చు, కాబట్టి కొనేటప్పుడే బొమ్మను అడుగుభాగం దాకా తిప్పి చూడండి. కొండపల్లి బొమ్మను పెట్టెలో బట్టల మధ్య చుట్టాలి, చేతులూ కాళ్ళూ బయటికి పొడుచుకుని ఉంటాయి. ఏటికొప్పాకకు ఆ బెడద తక్కువ గానీ వేడి పడదు, ఎండలో ఆపిన కారులో లక్క బొమ్మను వదలకండి. కాళహస్తి తెరను మడతపెట్టకుండా గొట్టానికి చుట్టి తీసుకెళ్ళండి, మడత పడిన చోట గీత అరుగుతుంది.

సామానులో ఒకే ఒక్క వస్తువుకు చోటుందంటే నేనైతే పెడనలో నా ముందు అద్దిన రెండు మీటర్ల నూలు గుడ్డ పెట్టుకుంటాను. విరగదు, కరగదు, బరువుండదు. అక్కడికి వెళ్ళాక కిటికీ తెరగానో కుర్తాగానో కుట్టించుకోవచ్చు.